కన్ను తీయాలన్నప్పుడు

పసిబిడ్డ కంటిపాప పిల్లి కన్నులా తెల్లగా మెరిస్తే అది రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కావచ్చు. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. తొలి దశలో పట్టుకుంటే కీమో, లేజర్ చికిత్సలతో కన్నును దక్కించుకునే అవకాశం ఉంది. గడ్డ కనుగుడ్డంతా పాకాక మాత్రం ‘కన్ను తీసేయాలి’ అంటారు డాక్టర్లు. ఆ మాట వినగానే బిడ్డను చంకనేసుకుని వెళ్లిపోయి, మళ్లీ రాని కుటుంబాలు ఉన్నాయి. ఆడపిల్లకు రేపు పెళ్లెలా అని ఒకరంటారు, నాటు వైద్యం చూద్దామని ఇంకొకరు. ఈలోగా గడ్డ కంటి నరం వెంట మెదడు వైపు సాగుతుంది. సకాలంలో కన్ను తీసి ఉంటే బతికే బిడ్డ!

వాళ్లను తప్పుపట్టడానికి మనసు రాదు. వాళ్ల కళ్లకు కట్టేది ఖాళీ గుంత ఒక్కటే. ఆ తర్వాత ఏముంటుందో కూర్చోబెట్టి చెప్పేవారేరీ?

కనుగుడ్డు తీసిన చోట సాధారణంగా అదే ఆపరేషన్‌లో గుండ్రటి ఇంప్లాంట్ అమర్చి, కంటిని తిప్పే కండరాలను దానికి జతచేస్తారు. పైపొర మూసి కుడతారు. పుండు మానాక, ఆరు నుంచి ఎనిమిది వారాలకు, రెప్పల కింద కృత్రిమ కన్ను పెడతారు. అది గుడ్డు కాదు, పలుచటి డొప్ప. రెండో కంటిని ఎదురుగా పెట్టుకుని నల్లగుడ్డు రంగు, తెల్లగుడ్డులోని సన్నటి ఎర్ర నరాలు సైతం చేత్తో దిద్దుతారు. ఒకప్పుడు ఇవి జర్మనీ గాజుతో తయారయ్యేవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరుకు ఆగిపోతే, అమెరికా సైన్యంలో పళ్లసెట్లు చేసేవారు తమ చేతిలోని అక్రిలిక్‌తో కళ్లు చేశారు. నేటికీ అదే వాడుక. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనూ ఇలా ఎవరి కంటికి తగ్గట్టు వారికి చేసిస్తారు.

చూపు రాదు, ఆ సంగతి దాచకూడదు. అసలు కన్నంతగా కదలదు కూడా. రెప్ప కాస్త వాలవచ్చు, పుసి కట్టవచ్చు. కొద్దిమందికి ఇంప్లాంట్ బయటపడి మరో ఆపరేషన్ తప్పదు. ఏటా పాలిష్ చేయించాలి, పిల్లలకైతే ఎదిగేకొద్దీ మార్చాలి. ఇది అందం కోసమే అనుకోవద్దు. పసితనంలో గుంతను ఖాళీగా వదిలితే అటువైపు ఎముక సరిగా పెరగదు, ముఖం ఒక పక్క చిన్నదైపోతుంది.

ఆపరేషన్ మాట చెప్పిన రోజే, కృత్రిమ కన్నుతో బడికి వెళ్తున్న ఒక పిల్లను, ఆ పిల్ల తల్లిని ఆ మాట విన్న తల్లికి చూపించాలి. వందమంది డాక్టర్లు చెప్పలేనిది ఆమె ఒక్కతే చెప్పగలదు. మిగిలిన కంటికి దెబ్బ తగలకుండా గట్టి కళ్లద్దాలు పెట్టాలని, ఇది వంశంలో వచ్చే జబ్బు కూడా కావచ్చు కాబట్టి తోడబుట్టిన వాళ్ల కళ్లూ చూపించాలని ఆమే చెబుతుంది.