ముందు పరీక్ష, తరువాత విత్తు

తొలకరికి నెల ముందే మన పత్తి పల్లెలలో గుసగుసలు మొదలగును: “గడ్డిమందు కొట్టినా చావని పత్తి వచ్చినదట, బి.జి.-3 అట, కూలీల బాధ తప్పునట.” సంచిమీద కంపెనీ పేరుండదు, అమ్మినవాడు రశీదు ఇవ్వడు. అయినను రైతు కొనును. కలుపు తీయుటకు మనుషులు దొరకని రోజులలో అతడు ఆశపడుట తప్పని నేననను. కాని ఆ సంచిలో నిజముగా ఏమున్నదో తెలిసికొనవలెను గదా!

గ్లైఫోసేట్ అను కలుపుమందు మొక్కలోని ఇ.పి.ఎస్.పి.ఎస్. అను ఎంజైము పనిని ఆపివేయును. అంతట మొక్క తనకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లములను తయారుచేసికొనలేక ఎండిపోవును. నేలలో నుండు ఒక సూక్ష్మజీవియందు ఈ మందుకు లొంగని ఎంజైము కలదు. దాని జన్యువును చొప్పించినదే గడ్డిమందు పత్తి. మన దేశమున 2002లో బి.టి. పత్తికి, 2006లో బి.జి.-2కు అనుమతి లభించినది. గడ్డిమందు పత్తికై పెట్టిన దరఖాస్తును కంపెనీయే 2016లో వెనుకకు తీసికొన్నది. అయినను 2017లో అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాతు చేలలో కనబడినది.

దీనిని పట్టుటకు ఒక చిన్న పట్టీ చాలును. పాముకాటు మందును గుఱ్ఱముల రక్తమునుండి తీయుట మీరు వినియుందురు. అట్లే ఆ ఎంజైమును జంతువులకు ఎక్కించినచో, దానినే గుర్తుపట్టు ప్రతిరక్షకములు పుట్టును. వానిని పట్టీపై అద్దెదరు. ఆకుముక్కను గొట్టములో ద్రావణముతో నూరి పట్టీని ముంచినచో, కొద్ది నిమిషములలో ఫలితము తెలియును. రెండు గీతలు వచ్చినచో ఆ ఎంజైము ఉన్నది. పై గీత ఒక్కటే వచ్చినచో లేదు. పై గీతయే రానిచో పట్టీ పాడైనదని తెలిసి మరల చేయవలెను.

మా మండలములో ఒక రైతు విడి విత్తనము నాటి, ధైర్యముగా మందు కొట్టెను. రెండెకరములు మాడిపోయెను, గాలికి ప్రక్క చేనిలోని కంది కూడ చెడెను. బ్రతికిన మొక్కల ఆకులు పరీక్షించగా రెండు గీతలు వచ్చినవి. ఇంట మిగిలిన గింజలలో చాలవాటికి ఒకటే గీత వచ్చినది. అనగా అది కల్తీ. రశీదు లేనందున పరిహారమడుగుటకు దారి లేకపోయెను. పదిహేను రోజుల ముందు ఆ పట్టీ ముంచియున్నచో ఆ కుటుంబమునకు అప్పు తప్పెడిది.

పట్టీ అన్నియు చెప్పదు. మొలక శాతము చెప్పదు, రకము చెప్పదు. ఒక గింజ ఫలితము సంచి అంతటికి చెల్లదు. అనుమానమున్నచో ప్రయోగశాలలో డి.ఎన్.ఎ. పరీక్ష చేయించవలసినదే. అయినను మొదటి జల్లెడగా దీనిని మించినది లేదు.

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ తెరచిననాటినుండి హైటెక్ సిటీలో దేశదేశాల లెక్కలు క్షణములో తేలుచున్నవి. ఆదిలాబాదు రైతు సంచిలోని నిజము మాత్రము పైరు మాడిన తరువాత తేలుట న్యాయముకాదు. కావున నా అభిప్రాయమిది: పత్తి మండలములలో ప్రతి రైతు వేదికయందు విత్తుటకు ముందే ఈ పట్టీలు ఉండవలెను. ఫలితమును రైతుకు వ్రాతమూలకముగా ఇవ్వవలెను. తానై గింజలు తెచ్చి చూపిన రైతును నేరస్థునిగా చూడరాదు. అమ్మినవానిని వెదకి పట్టవలెను. అట్లుకానిచో భయపడి ఎవరును మన గడప తొక్కరు.

రైతు సోదరులారా! రశీదు లేని విత్తనము కొనకుడు. సంచిని, గుప్పెడు గింజలను పంట చేతికి వచ్చువరకు దాచుడు. గ్రామాధికారులారా! చేను మాడిన పిమ్మట పంచనామా వ్రాయుటకంటె, చినుకు పడకమునుపు ఒక పట్టీ ముంచుట మేలు.