ఆమె చెప్పినదంతా విన్న ప్రభువు

నెలనెలా కడుపునొప్పితో మెలికలు తిరిగే ఆడపిల్లకు కర్లపాలెంలోనైనా, మరే ఊళ్లోనైనా దొరికే జవాబులు మూడే. పెళ్లయితే తగ్గుతుంది. బిడ్డ పుడితే పోతుంది. అప్పటికీ తగ్గకపోతే గర్భసంచి తీయించెయ్యండి. నాలుగో జవాబు సంఘంలో మనం ఇచ్చేది: అది హవ్వ శాపం, ఓర్చుకోవాలి.

ఆ నొప్పి వెనుక ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ఉండవచ్చు. గర్భసంచి లోపలి పొరలాంటిదే దాని బయట, అండాశయాల మీద, పేగుల మీద పెరుగుతుంది. సంతాన వయసు స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మామూలు స్కానింగులో అన్నిసార్లూ కనబడదు. దానితో ‘రిపోర్టులో ఏమీ లేదు’ అన్న మాట ‘నీకేమీ లేదు’ అన్న తీర్పయిపోతుంది. జబ్బు పేరు తెలియడానికే ఏళ్లు పడుతుంది.

ఇక మూడో జవాబు సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అన్నిటికీ ఈ జబ్బే కారణం కాదు, అన్నీ అనవసరమైనవీ కావు. కానీ బయట పెరిగిన పొర మిగిలిపోతే, గర్భసంచి తీసేసినా నొప్పి మిగిలిపోవచ్చు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టే రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

నాలుగో జవాబుకు బాధ్యులం కాపరులమైన మేమే. ఆదికాండము 3వ అధ్యాయంలో దేవుడు శపించినది సర్పాన్నీ, నేలనూ; స్త్రీని కాదు. శాపగ్రస్తమైన నేలలో మొలిచిన కలుపును తీసిపారేస్తున్నాం గదా! స్త్రీ నొప్పికి మాత్రం వైద్యమెందుకు వద్దు?

మార్కు సువార్త 5వ అధ్యాయంలోని స్త్రీ 12 ఏళ్లు రక్తస్రావంతో బాధపడింది. వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా పోగొట్టుకుంది. ప్రభువు వస్త్రం ముట్టిన క్షణమే స్వస్థత పొందింది. అవతల యాయీరు కుమార్తె చావుబతుకుల్లో ఉంది. అయినా ప్రభువు ఆగాడు. ఆమె తన సంగతంతా చెప్పుకునేదాకా విని, ‘కుమారీ’ అని పిలిచాడు. స్వస్థతతో పాటు, తనను నమ్మి వినే మనిషి కూడా ఆమెకు కావాలని ఆయనకు తెలుసు.

1883లో గుంటూరు వచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల వైద్యానికి తన జీవితాన్నే ధారపోసిన ప్రాంతం మనది. నొప్పి అని వచ్చిన చెల్లెలి కోసం ప్రార్థన తప్పక చేద్దాం. అంతకుముందు ఆమె చెప్పేది పూర్తిగా విందాం. ఆ తరువాత స్త్రీల వైద్యురాలి దగ్గరకు తోడు వెళదాం. ఓర్చుకోమని చెప్పడం సులువే. ప్రభువు మాత్రం ఆ మాట ఆమెతో అనలేదు.