ఈ కథలకు గ్రంథాలయమున చోటు కావలెను
కమలాపురం పురజనులకును, చుట్టుపట్ల గ్రామముల తల్లిదండ్రులకును విజ్ఞప్తి



పాపఘ్ని పెన్నలో కలియు ఈ సీమనుండి ఏటేట మన ఆడపిల్లలు ఇంటరు ముగించుకొని, కొందఱు ఉదయపు బస్సులో కడపకు పోయి దీపాలవేళకు మరలుచును, కొందఱు హాస్టళ్లయందుండియు డిగ్రీ చదువుచున్నారు. వారిలో ఏ యొక్కతెయో తన మనస్సు పురుషునియందు గాక తోడి విద్యార్థినియందు లగ్నమగుచున్నదని పద్దెనిమిదవయేటనో పంతొమ్మిదవయేటనో గ్రహించి, అమ్మతో చెప్పిన మూడు నెలలలో పెండ్లి, స్నేహితురాలితో చెప్పిన మూడు గంటలలో హాస్టలంతయు రట్టు అని భయపడి, నోరు కట్టుకొని తిరుగుచుండును. అట్టి పిల్ల మొదట మనసు విప్పుకొనదగినది పుస్తకము నెదుటనే. పుస్తకము ఎదురు ప్రశ్న వేయదు, ఇంటికి ఫోను చేయదు.

కావున మేము కోరునది చిన్న విషయము. కళాశాలలో చదువుకొను ఇద్దరు యువతుల ప్రేమను, ఆ ప్రేమను తమవారికి వెల్లడించుటలోని సంకటమును మర్యాదగా చిత్రించిన నవలలను, కథాసంపుటములను మన శాఖాగ్రంథాలయమునను, కడప కళాశాలల గ్రంథాలయములందును ఉంచవలెననియు, తెలుగు రచయిత్రులును రచయితలును అట్టివానిని మన ఊళ్ల పేర్లతో, మన మాటతీరుతో వ్రాయవలెననియు.

ఇట్టి కథలు లోకమున లేకపోలేదు. అయితే వానిలో పెక్కు మరణముతో ముగిసినవి. మన పొరుగున మలయాళమున 1986లో పద్మరాజన్ తీసిన ‘దేశాటనక్కిళి కరయారిల్ల’ చలనచిత్రమున బడి విడిచి పారిపోయిన ఇద్దరు బాలికలును తుదకు ప్రాణములు తీసికొందురు. దయతో తీసిన చిత్రమే, కాదనము. కాని అట్టిదే మఱల మఱల చూచిన పిల్ల తనకును వేఱు దారి లేదని తలపోసినచో ఆ తప్పు ఆమెది కాదు. 1952లో అమెరికా రచయిత్రి పెట్రీషియా హైస్మిత్ మాఱుపేరుతో ప్రకటించిన నవలలో నాయికలిద్దరును చావక, మతి చెడక, కలిసి బ్రదుకు ఆశతో మిగులుట ఆ కాలమున వింతగా తోచినది. 1982లో నాన్సీ గార్డెన్ వ్రాసిన ‘ఆనీ ఆన్ మై మైండ్’ నవలలో కళాశాలలో చేరిన యువతి తన తొలి ప్రేమను తలచుకొని, సంకోచము వీడి చెలికత్తెకు ఫోను చేయును. ఇంతమాత్రమునకే 1993లో కాన్సాసు నగరమున ఆ పుస్తకమును తగులబెట్టినారు. ఆ ప్రాంతపు ఒక పాఠశాలా మండలి దానిని గ్రంథాలయములనుండి తొలగింపగా, విద్యార్థులే వ్యాజ్యము వేసి, 1995లో న్యాయస్థానముచేత మఱల అలమారకెక్కించిరి. ఆ పిల్లల పట్టుదలకు మేము మనసార మ్రొక్కుచున్నాము.

పుస్తకము చదివి పిల్లలు చెడుదురందురా? ఈ మాట మనకు క్రొత్తది కాదు. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ సంపూర్ణముగా అచ్చువేయింపగా, స్త్రీ తన వలపును తానే నోరారా చెప్పుట అసభ్యమని వీరేశలింగము పంతులంతటివారే ఈసడించిరి, ఆంగ్ల ప్రభుత్వము ప్రతులను నిషేధించెను. టంగుటూరి ప్రకాశము పంతులు మద్రాసు ప్రభుత్వ ప్రధానిగానున్న కాలమున ఆ నిషేధము తొలగినది. నేడది విశ్వవిద్యాలయములందు పరిశోధనకు వస్తువు. దానిని చదివి చెడిన ఊరు ఏదియో మాకెవ్వరును చూపలేదు. మఱియు, ప్రేమకథలు చదువుటచేతనే మనసు మాఱునట్లయిన, ఇన్నేండ్లుగా స్త్రీపురుషుల ప్రేమనవలలే చదివిన ఆ పిల్ల మనసు ఏల మాఱలేదు?

ఇది వ్యాధి యనువారికి: ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగప్రేమను రోగముల పట్టికనుండి తీసివేసినది. మదురైనుండి చెన్నైకి పారిపోయిన ఇద్దరు యువతుల వ్యాజ్యమున మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్, తనకే ఈ విషయము సరిగా తెలియదని యొప్పుకొని, తెలిసినవారియొద్ద విని నేర్చుకొని, 2021లో తీర్పు వ్రాసిరి. ఆ తీర్పు ననుసరించియే జాతీయ వైద్య మండలి 2022లో ‘మార్చెదము’ అని చేయు చికిత్సను వృత్తిదోషముగా ప్రకటించినది. ఇక నేరమనువారికి: 2018 సెప్టెంబరు 6న సర్వోన్నత న్యాయస్థానము భారత శిక్షాస్మృతి 377వ సెక్షనునుండి వయోజనుల పరస్పర సమ్మతిగల సంబంధమును మినహాయించినది. 2023లో వివాహహక్కును మాత్రము నిరాకరించినది. ఆ కొఱత ఇంకను తీరలేదు. అయినను 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే, తల్లిదండ్రులు నిర్బంధించిన యువతి తన సహచరితో నుండుటకు హక్కు గలదని తీర్పు చెప్పి, ఆ తల్లిదండ్రులను అడ్డురావలదన్నది.

పరువు మాట మిగిలినది. ఈ సీమలో పరువు చిన్నమాట కాదని మాకును తెలియును. కాని ఒల్లని పెండ్లి చేసి, ఒక అమాయకుడైన వరుని జీవితమునుకూడ ఎండబెట్టి, ఏడాది తిరుగకమున్నే పంచాయతీకెక్కుట ఏ పరువు? కూతురు వ్రాసిన యొక జాబుకంటె, ఆమె చదివిన యొక నవలను తల్లియు చదివియుండుట ఆ యింట మాట మొదలగుటకు సులభమైన దారి. కథలోని పిల్లను గూర్చి మాటాడుచు తన పిల్లను గూర్చి మాటాడవచ్చును.

మనము కట్టు ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోవుచున్నది. 1960 నాటి చట్టమున ఏర్పడిన ఏర్పాటిది. కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావువంటివారు గ్రంథాలయోద్యమమునకు ఆయువు ధారవోసినది ఏ యొక్కరికో నచ్చిన పుస్తకములకొఱకే కాదు. కనుక ఈ కరపత్రము చేరినవారు శాఖాగ్రంథాలయమునకు పోయి, ఇట్టి పుస్తకములు కావలెనని ఒక కాగితముపై వ్రాసి సంతకము చేసి గ్రంథపాలకునికి ఇయ్యవలెను. నకలొకటి కడప జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపవలెను. ఎవరు ఏ పుస్తకము పట్టుకొనిపోయిరో ఇంటివారికిగాని కళాశాలవారికిగాని తెలుపరాదని కూడ ఆ కాగితముననే వ్రాయుడు. సంతకము చేయుటకు జంకువారు పుస్తకము పేరు మాత్రము వ్రాసి బల్లపై పెట్టి వచ్చినను చాలును.