ఇరుసును విరిచేది ఇంజిన్ కాదు, ఎడమ కాలు

మూడు రోజులుగా మన సంఘం గ్రూపులో జరుగుతున్న వాదం చదువుతూ వచ్చాను. టెక్సస్‌లో ఉన్న మన పిలకాయ ఒకడు పాత షెవ్రోలే కమారో కొన్నాడు. 2002 మోడల్, 5.7 లీటర్ల ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్. అక్కడి డ్రాగ్ స్ట్రిప్‌లో పావు మైలు పరుగు తీయాలని ఆశ. దీని వెనుక ఇరుసు బలహీనం అంటున్నారు, ఎలా కాపాడుకోవాలి అని అడిగాడు. వచ్చిన జవాబులు ఇవి: బలమైన క్లచ్ వేయి, అంటుకునే డ్రాగ్ టైర్లు వేయి, 5,000 ఆర్‌పీఎమ్‌లో క్లచ్ టక్కున వదిలేయి, ఇరుసు విరిగితే పెద్దది కొనుక్కో.

అడిగింది ఇరుసు కాపాడే దారి. చెప్పింది దాన్ని విరగ్గొట్టే దారి, అదీ వరుస తప్పకుండా!

నేను రేసులు నడిపినవాణ్ణి కాదు, రైల్వేలో గుమాస్తాని. గూడ్సు బండి నడిదారిలో రెండుగా తెగితే ఆ ఫైలు నా బల్ల మీదికి వచ్చేది. అలా చాలా ఫైళ్ళు చదివాను. బండి తెగేది ఇంజిన్‌కు బలం ఎక్కువై కాదు, చాలాసార్లు కుదుపు వల్ల. వ్యాగన్ల మధ్య వదులు ఉంటుంది. తెలిసిన డ్రైవరు మొదటి నాచ్‌లో మెల్లగా ఆ వదులంతా సాగదీసి, బండి మొత్తం బిగిశాక బలం పెంచుతాడు. అప్పటికీ ఏదో ఒకటి విరగాల్సి వస్తే కప్లర్‌లో నకిల్ అనే ముక్క ముందు విరిగేలా చేసి పెట్టారు, ఎందుకంటే దాన్ని దారిలోనే మార్చుకోవచ్చు. విరగవలసింది ఏదో ముందే నిర్ణయించుకోవడం, విషయమంతా ఇంతే.

ఇప్పుడు ఆ కారుకు వద్దాం. ఆ ఇరుసును టెన్ బోల్ట్ అంటారు. లోపలి రింగ్ గేర్ అడ్డకొలత 7.625 అంగుళాలు. ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 450 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు 2.66, వెనుక గేరు 3.42. గుణిస్తే ఇరుసు దగ్గర దాదాపు 4,100. కంపెనీ వేసిన మామూలు టైరు ఇంత బలం రోడ్డు మీదికి దించలేదు, జారిపోతుంది. అంటే కంపెనీ బండిలో నకిల్ పని చేసేది టైరు. అంటుకునే టైరు వేశారా, ఆ పని క్లచ్ మీద పడింది. దాని మీద రెండింతలు పట్టే క్లచ్ కూడా వేశారా, ఇంక జారేది ఏదీ లేదు. మిగిలింది ఇరుసే. మన సలహాదారులు రెండూ చేయమన్నారు!

"ఇంజిన్ అదే కదా, క్లచ్ మారిస్తే బలం ఎక్కడ పెరుగుతుంది?" అని ఒకాయన అడిగారు. లెక్క చూడండి. తిరుగుతున్న ఫ్లైవీలు, క్రాంకు అన్నీ కలిసి జడత్వం 0.2 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్ అనుకుందాం. అవి 5,000 నుంచి 2,000 ఆర్‌పీఎమ్‌కు పదో వంతు సెకనులో దిగితే, ఇంజిన్ ఇచ్చే 450 మీద ఇంకో 630 దాకా వచ్చి పడుతుంది. అదే దిగుడు 0.4 సెకన్లు పడితే పైన పడేది 160 లోపే. బండి అదే, ఇంజిన్ అదే. తేడా ఎడమ కాలిది. పైగా క్లచ్ ఎంత పట్టగలదో అంతకు మించి ఒక్క న్యూటన్ కూడా వెనక్కు పోదు. కాబట్టి అవసరానికి మించిన క్లచ్ వేయడం అంటే ఫ్యూజు తీసి ఇనప తీగ కట్టడమే.

దీనిలో ఒక తమాషా ఉంది. ఈ కార్లలో క్లచ్ ఆయిల్ పోయే దారిలో ఒక సన్న రంధ్రం ఉంటుంది. పెడల్ ఎంత వేగంగా వదిలినా క్లచ్ కొంచెం ఆగి పట్టుకుంటుంది. గేర్లు తొందరగా పడాలని కుర్రవాళ్ళు దాన్ని డ్రిల్ పెట్టి పెద్దది చేస్తారు, దానికి డ్రిల్ మాడ్ అని పేరు కూడా పెట్టారు. ఇప్పుడు క్లచ్ పట్టేటప్పుడు మాత్రం ఆయిల్‌ను ఆపి వదిలే వాల్వు, తిప్పి సరిచేసుకునేది, అంగట్లో అమ్ముతున్నారు. ముందు పోగొట్టినదాన్నే డబ్బిచ్చి తెచ్చుకోవడం! అయినా సరే, కొనవలసిన మొదటి వస్తువు అదే అంటాను.

క్లచ్ జారితే కాలిపోదా అంటారు. అరుగుతుంది, నిజం. మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి, అదీ నిజం. కానీ అర సెకను జారి పట్టడం వేరు, కొండ ఎక్కే లారీలాగా పెడల్ మీద కాలు పెట్టి జార్చడం వేరు. అరిగే ప్లేటుకు, విరిగే ఇరుసుకు తేడా డబ్బు ఒక్కటే కాదు. ఈ టెన్ బోల్ట్‌లో ఇరుసు కడ్డీని పట్టి ఉంచేది డిఫరెన్షియల్ లోపలి చిన్న సీ క్లిప్. మన ఎద్దుబండికి కడచీల బయట ఉంటే దీనికి లోపలి కొసన ఉంది. కడ్డీ మధ్యలో విరిగితే ఆ క్లిప్ పట్టేది లోపలి ముక్కనే. బయటి ముక్క చక్రంతో సహా బయటికి వచ్చేస్తుంది. వంద మైళ్ళ వేగంలో అది ఎలా ఉంటుందో పెద్ద ఇరుసు తర్వాత కొనుక్కో అన్నవారు ఊహించుకోవాలి.

టైరు విషయంలో కూడా మాన్యువల్‌కు పక్కగోడ గట్టిగా ఉండే డ్రాగ్ రేడియల్ కంటే ముడతపడే పాత రకం బయాస్ ప్లై స్లిక్ మేలు. ఆ ముడతే కొంత కుదుపు మింగుతుంది. వెనుక చక్రాలు దడదడ ఎగిరితే, దాన్ని వీల్ హాప్ అంటారు, వెంటనే యాక్సిలరేటర్ వదలాలి. పట్టుకోవడం, వదలడం, మళ్ళీ పట్టుకోవడం, ఇరుసుకు సుత్తి దెబ్బల్లాగా. కింది కంట్రోల్ ఆర్మ్‌ల బుష్షులు ముందు చూడు. బలమైన డిఫరెన్షియల్ మూత బేరింగ్ క్యాప్‌లకు ఊతం ఇస్తుంది కానీ గేరు పళ్ళను, కడ్డీని లావు చేయదు. రెండో గేరుకు కూడా యాక్సిలరేటర్ వదలకుండా కొట్టొద్దు. మొదట 2,500 దగ్గర మొదలుపెట్టి, మొదటి అరవై అడుగుల టైము చూసుకుంటూ పెంచుకో.

వారం వారం రేసుకు పోయేవాడు, ఇంజిన్ పెంచినవాడు నైన్ ఇంచ్ ఇరుసు కొనవలసిందే, వేల డాలర్లైనా. దానికి నేను అడ్డం రాను. ఏడాదికి నాలుగుసార్లు పోయే ఈ పిలకాయకు ఎందుకు?

ఆ హెవీ డ్యూటీ క్లచ్ పేరు గ్రూపులో పెట్టిన పెద్దమనిషిని ఒక్కటే అడుగుతున్నాను. అది ఎన్ని న్యూటన్ మీటర్ల దగ్గర జారుతుంది? ఆ అంకె ఇక్కడ రాయండి. తెలియకపోతే, వాడు ఆర్డరు పెట్టేలోపల ఆ పోస్టు తీసేయండి.