కుర్చీల ఊళ్లో బొమ్మలేసే కొలువు

ఎర్రటి పెదాలు, తెల్లటి పలువరస, వాటి మధ్య పసుపుపచ్చని మొక్కజొన్న పొత్తు. బొమ్మంతా ఇంతే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జీలండ్ అని ఆరు వేల జనాభా కూడా లేని ఊరుంది. అక్కడి కుర్చీల కంపెనీ హెర్మన్ మిల్లర్ తన ఉద్యోగులకు ఏటా ఇచ్చే పిక్నిక్ కోసం 1970లో వేయించిన పోస్టరు అది. వేసిన స్టీవ్ ఫ్రిక్‌హోమ్ ఆ ఏడాదే కొలువులో చేరారు. అమెరికా ప్రభుత్వ సేవాసంస్థ పీస్ కోర్ వాలంటీరుగా నైజీరియాలో ఉన్న రోజుల్లో చేతికి అబ్బిన స్క్రీన్ ప్రింటింగ్ ఇక్కడ అక్కరకొచ్చింది. మరుసటి ఏడు పుచ్చకాయో, లాలీపాపో, ఏదో ఒక తిండి వస్తువు. అలా 1989 దాకా ఇరవై పోస్టర్లు వేశారు. ఫ్యాక్టరీ గోడల కోసం వేసిన ఆ బొమ్మలు ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం సేకరణలో ఉన్నాయి.

డిజైన్ చదివి అమెరికా నడిమి రాష్ట్రాల్లో పని వెతుక్కునేవాళ్లు ఈ కథను శ్రద్ధగా వినాలి. అమెరికా అనగానే న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో తప్ప ఇంకో పేరు తోచని మన తెలుగు కుటుంబాలైతే మరీను. గ్రాండ్ ర్యాపిడ్స్, సిన్సినాటి, కాన్సాస్ సిటీ, డెమాయిన్ లాంటి ఊళ్లలో డిజైన్ పని ఉంది. కాకపోతే డిజైన్ అని బోర్డు కట్టుకుని ఉండదు. కుర్చీలు, సబ్బులు, గ్రీటింగ్ కార్డులు చేసే కంపెనీల లోపలి గదుల్లో ఉంటుంది. డిజైన్ స్టూడియోల జాబితా తీసి, పట్టుమని పది పేర్లు కూడా లేవని ఊరినే కొట్టిపారేయడం చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టే. ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ఊళ్లో ఏం తయారవుతుంది?

గ్రాండ్ ర్యాపిడ్స్‌లో ఆ ప్రశ్నకు జవాబు నూట యాభై ఏళ్లుగా ఫర్నిచరే. జనాభా రెండు లక్షలు, అంటే ఇంచుమించు మన ఒంగోలంత. అడవుల్లో కొట్టిన దుంగలు గ్రాండ్ నది మీద తేలుకుంటూ వచ్చేవి. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఇక్కడి బల్లలు, మంచాలు దేశం కళ్లలో పడ్డాయి. తర్వాత ఇళ్ల ఫర్నిచర్ వ్యాపారం దక్షిణాదికి తరలిపోయినా, ఆఫీసు ఫర్నిచర్ ఇక్కడే నిలిచింది. ఇప్పుడు స్టీల్‌కేస్‌గా పేరుపడ్డ కంపెనీ 1912లో ఇక్కడే పుట్టింది. దాని తొలి పేటెంటు, 1914లో, ఒక చెత్తబుట్టకు! చుట్టలు, సిగరెట్లు కాల్చే ఆఫీసుల్లో అల్లిక బుట్టలు అంటుకుంటుంటే ఉక్కు బుట్ట చేశారు. డిజైన్ అంటే ఏమిటో చెప్పడానికి ఆ బుట్టకు మించిన పాఠం ఉండదేమో.

పక్కనే హాలండ్ పట్నంలో హావర్త్ ఉంది. జీలండ్‌లో హెర్మన్ మిల్లర్ సరేసరి. 1930లో, ఆర్థిక మాంద్యం నడుమ, గిల్బర్ట్ రోడ్ అనే న్యూయార్క్ డిజైనర్ గ్రాండ్ ర్యాపిడ్స్‌లోని ఆ కంపెనీ షోరూముకు నడిచొచ్చారు. పాత కాలపు నగిషీల నకళ్లు మానేసి, చిన్న ఇళ్లకు నప్పే సాదా ఫర్నిచర్ చేయమని యజమాని డి.జె. డిప్రీని ఒప్పించారు. ఆ దారినే తర్వాత జార్జ్ నెల్సన్ వచ్చారు, చార్లెస్, రే ఈమ్స్ దంపతులు వచ్చారు. భారత ప్రభుత్వం పిలిస్తే మన దేశమంతా తిరిగి, 1958లో మన చెంబును మెచ్చుకుంటూ నివేదిక రాసింది ఈ ఈమ్స్ దంపతులే. అహ్మదాబాద్‌లో 1961లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్.ఐ.డి.) పుట్టడానికి పునాది ఆ నివేదికే. ఆంధ్రప్రదేశ్ ఎన్.ఐ.డి.లో చదివే పిల్లలకు జీలండ్ అంత పరాయి ఊరేం కాదు.

ఇక్కడి ఉద్యోగాల పేర్లు కొత్తవాళ్లను తికమక పెడతాయి. ప్రకటనలో ‘గ్రాఫిక్ డిజైనర్’ అన్న మాటే కనిపించకపోవచ్చు. ‘సీఎంఎఫ్’ అని ఉంటుంది. కలర్, మెటీరియల్, ఫినిష్. కుర్చీకి ఏ గుడ్డ, ఆ గుడ్డ పక్కన ఏ బూడిదరంగు ప్లాస్టిక్, దాని మీద ఎంత మెరుపు, ఏడాదంతా ఇదే పని. రంగుల మీద ప్రాణం పెట్టేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

కాన్సాస్ సిటీది మరో కథ. 1910లో జోయిస్ హాల్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు రెండు చెప్పుల పెట్టెల నిండా పోస్టుకార్డులతో అక్కడ రైలు దిగాడు. ఆ పెట్టెల్లోంచి వచ్చిందే హాల్‌మార్క్. అక్షరాలు రాసేవాళ్లకు, బొమ్మలు వేసేవాళ్లకు నెల జీతమిచ్చి కూర్చోబెట్టిన కంపెనీ అది. జర్మన్ అక్షరశిల్పి హెర్మన్ జాఫ్ దానికోసం ఫాంట్లు గీశారు. మన పెళ్లిపత్రిక మీద బాపు అక్షరం కనిపిస్తే ఎవరిదో ఇట్టే చెప్పేస్తాం. పుట్టినరోజు కార్డు మీద అంతే ముద్దుగా రాసిన కాన్సాస్ సిటీ చేతుల్లో చాలావాటి పేర్లు బయట ఎవరికీ తెలియవు. పేరు రాదు, జీతం వస్తుంది. ఈ ఊళ్లలో చేరేవాళ్లు ఆ బేరానికి మనసారా సిద్ధపడాలి.

సిన్సినాటిలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ 1837 నుంచి ఉంది. సబ్బు రేపర్లు, షాంపూ సీసాల పనితోనే ఎల్‌పీకే లాంటి బ్రాండింగ్ సంస్థలు అక్కడ పెరిగాయి. అంతకన్నా విలువైనది సిన్సినాటి విశ్వవిద్యాలయం 1906లో ఇంజనీరింగ్ పిల్లలతో మొదలుపెట్టిన కో-ఆప్ పద్ధతి. కొన్ని నెలలు తరగతి, కొన్ని నెలలు కంపెనీలో జీతంతో పని, మళ్లీ తరగతి. డిజైన్ విద్యార్థులకూ ఇదే దారి. పట్టా చేతికొచ్చేసరికి వాళ్లకు నిజమైన అనుభవం ఉంటుంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు మన తల్లిదండ్రులు ర్యాంకు అడుగుతారు, ఫీజు అడుగుతారు. కో-ఆప్ ఉందా అని అడిగేవాళ్లు ఎందరు?

అయితే మధ్యస్థాయి ఊళ్లలో ఒక ప్రమాదం ఉంది, దాచిపెట్టడం తప్పు. స్టార్ వార్స్ బొమ్మలు చేసిన కెన్నర్ కంపెనీ సిన్సినాటిదే. నాలుగంగుళాలైనా లేని ఆ బొమ్మలు 1977 క్రిస్మస్‌కు సిద్ధం కాలేదు. దాంతో అట్ట, స్టిక్కర్లు, ‘తర్వాత పంపిస్తాం’ అనే పత్రం పెట్టి అమ్మారు. పిల్లలు ఎదురుచూశారు కూడా. అలాంటి కంపెనీ చేతులు మారి చివరికి హాస్‌బ్రో చేతికి వచ్చింది. 2000లో హాస్‌బ్రో సిన్సినాటి ఆఫీసు మూసేసింది. డెమాయిన్‌లో 1902లో మొదలైన మెరిడిత్ పత్రికల సంస్థను 2021లో డాట్‌డాష్ అనే ఆన్‌లైన్ సంస్థ కొనేసింది. మరుసటి ఏడాదే ఆరు పత్రికల అచ్చు సంచికలు ఆగిపోయాయి. పత్రికాఫీసులో పేజీలు దిద్దే ఎవరికైనా ఆ వార్త గుండెలో గుచ్చుకుంటుంది. 2025లో స్టీల్‌కేస్‌ను కొనడానికి అయోవా రాష్ట్రంలోని ఫర్నిచర్ సంస్థ హెచ్ఎన్ఐ ఒప్పందం చేసుకుంది. న్యూయార్క్‌లో ఒక కొలువు పోతే నాలుగు వీధుల అవతల ఇంకోటి దొరకొచ్చు. ఇక్కడ పెద్ద కంపెనీ తుమ్మితే ఊరికంతా జలుబు.

మన పిల్లలకు దీనిమీద వీసా గడియారం ఒకటి. చదువయ్యాక ఓపీటీ (ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్) కింద పని చేయడానికి 12 నెలలు. అందులో ఉద్యోగం లేకుండా గడిపే రోజులు 90 దాటకూడదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సులకైతే ఇంకో 24 నెలలు. గ్రాఫిక్ డిజైన్ ఆ జాబితాలో లేదు. డిజిటల్ మీడియా, యానిమేషన్ కోర్సులు కొన్ని ఉన్నాయి. క్లాసు గదిలో చెప్పే పాఠం దాదాపు ఒకటే అయినా, కాగితం మీద కోర్సు కోడ్ వేరైతే రెండేళ్లు పోతాయి. డిజైనర్లను పెట్టుకునే పెద్ద కంపెనీలు మూడో నాలుగో ఉన్న ఊళ్లో 90 రోజులంటే ఏమిటో అనుభవించినవాళ్లకే తెలుసు. అడ్మిషన్ తీసుకునే ముందే ఆ కోడ్ చూసుకోమని కన్సల్టెన్సీలు చెప్పి తీరాలి.

వెతికే పద్ధతీ మారాలి. గ్రాండ్ ర్యాపిడ్స్ వైపు డిజైనర్లు కలుసుకునే ఏఐజీఏ వెస్ట్ మిషిగన్ లాంటి సంఘాలున్నాయి. చిన్న ఊరు కాబట్టి రెండు సమావేశాలకు వెళితే మొహాలు గుర్తుంటాయి. మన పిల్లల పోర్ట్‌ఫోలియోల్లో యాప్ స్క్రీన్లు కొల్లలు. వాటి పక్కన చేత్తో పట్టుకునే వస్తువు ఒక్కటి ఉండాలి. ఒక అట్టపెట్టె చాలు. దాని మడతలు ఎక్కడ, జిగురు రాసే అంచు ఎంత, బార్‌కోడ్ ఏ వైపు, పేర్చినప్పుడు షెల్ఫ్ మీద ఏ ముఖం కనబడుతుంది, ఇవన్నీ తేల్చుకుని చేసిన పెట్టె. వస్తువులు తయారుచేసే ఊళ్లో ఇంటర్వ్యూకు దాన్ని సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెడితే, అవతలి మనిషి ముందు చేసే పని దాన్ని చేతిలోకి తీసుకుని విప్పి చూడడం.