శనగపచ్చ పురుగు - దాని పేర్లు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల నల్లరేగడి చేలలో శనగ కాయపట్టు దినములందు, తలను కాయలోనికి జొనిపి తక్కిన దేహమును వెలుపల విడిచి గింజను తినుచుండు పురుగును చూడని విద్యార్థి మనలో అరుదు. దానిని మనవారు శనగపచ్చ పురుగందురు. పేరు చక్కనిదే. కాని యది ప్రత్తికాయను, కందికాయను, టమాటాపండును గూడ తొలుచును. ఎల్లప్పుడు పచ్చగానుండక గోధుమవన్నెను, గులాబివన్నెను దాల్చుటయు గలదు.

శాస్త్రజ్ఞు లిడిన పేరును ఒక్కటిగ నిలువలేదు. దీని తల్లియగు రెక్కలపురుగునకు జర్మనీ దేశపు చిత్రకారుడగు హ్యూబ్నరు 19వ శతాబ్ది తొలి దశకమున నోక్టువా ఆర్మిజెరా యని పేరిడెను. 1816లో ఆక్సెన్‌హైమరు హీలియోతిస్ అను ప్రజాతి నేర్పఱచగా, తరువాత ఇదియు నందు చేరినది. అమెరికాలో మొక్కజొన్న కంకులను తిను పురుగును, మన పురుగును ఒక్కటేయని పెక్కుకాలము తలచిరి. 1965లో కెనడా దేశీయుడగు హార్డ్‌విక్ రెండింటి జననావయవములను సూక్ష్మముగ పరిశీలించి, అవి వేఱు జాతులని చూపి, ఆ రెండింటిని హెలికోవెర్పా యను క్రొత్త ప్రజాతిలో నుంచెను. నేడు ఆర్మిజెరా పేరు ప్రక్కన హ్యూబ్నరు పేరును కుండలీకరణములలో వ్రాయుదురు. ప్రజాతి మాఱినదనుటకు అదియే గుర్తు.

పేరు మాఱిన పురుగు తినుట మానునా యని పెద్దలు కొందఱు నవ్వుదురు. నవ్వవలసినదే, పరీక్షకొఱకు లాటిను పేర్లు వల్లెవేయించుట మాకును సమ్మతము కాదు. అయినను ఒక్క సంగతి వినవలెను. పురుగునకు రోగము కలిగించి చంపు వైరసు ద్రావణములు రైతులకు దొరకుచున్నవి. అది సోకిన పురుగు కొమ్మకు తలక్రిందుగ వ్రేలాడి చచ్చును. శనగపచ్చ పురుగునకు హెచ్.ఎన్.పి.వి., పొగాకు లద్దెపురుగునకు ఎస్.ఎన్.పి.వి. వాడవలెను. ఒకదాని మందు రెండవదానికి పనిచేయదు. ఆ మొదటి యక్షరము ప్రజాతి పేరునుండి వచ్చినదే. (హీలియోతిస్, హెలికోవెర్పా రెండును హెచ్‌తోనే మొదలగుట మన యదృష్టము!) సీసామీది యక్షరము తెలియని యింట మందు వ్యర్థము, పంట నష్టము.

తప్పుపేరును ఊరకుండదు. మన దేశపు వ్యవసాయ గ్రంథములలో దీనికి అమెరికను కాయతొలుచు పురుగను పేరు గలదు. కాని యీ జాతి అమెరికా ఖండముల నున్నట్లు 2013లో బ్రెజిలునుండి వార్త వచ్చువఱకు ఎఱుగరు! ఆదాము జంతువులకు పేర్లు పెట్టెనని ఆదికాండమున చదువుచున్నాము. ఆ పని యింకను ముగియలేదు.

కావున మన ప్రకృతిశాస్త్రపు గదిలోని పురుగుల పెట్టెలపై ఊరి పేరును, శాస్త్రపు పేరును రెండును వ్రాయించవలెనని ఉపాధ్యాయులను కోరుచున్నాము. ఊరి పేర్లను విద్యార్థులు తమ తలిదండ్రులనడిగి తేవలెను. చీటీపై పాతపేరున్నచో దానిని కొట్టివేయక, క్రిందనే క్రొత్తపేరును, అది యేర్పడిన సంవత్సరమును చేర్చిన చాలును.