వైరస్ కనపడకున్నా మాత్రలెందుకు?

‘రిపోర్టులో వైరస్ లేదన్నారు కదా డాక్టరు గారూ, ఇంకా మాత్రలెందుకు?’ హెచ్ఐవీ ఉన్నవారు ఓపీలో నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆ రిపోర్టు చెప్పేది రక్తం సంగతే. వైరస్ దాక్కునే ముఖ్యమైన చోటు పేగులు.

మన రోగనిరోధక కణాల్లో చాలాభాగం పేగు గోడల్లోనే ఉంటాయి. హెచ్ఐవీ సోకిన తొలి వారాల్లోనే అక్కడి సీడీ4 కణాలు పెద్దసంఖ్యలో నశిస్తాయి. పైకి కనిపించేది మహా అయితే నాలుగు రోజుల జ్వరం. గోడ దెబ్బతినడంతో పేగుల్లోని బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి జారతాయి. దాంతో రోగనిరోధక వ్యవస్థ ఏళ్ల తరబడి ఉద్రేకంలోనే ఉండిపోతుంది. ఒంట్లో సన్నని సెగలా కొనసాగే ఈ స్థితే ఇన్‌ఫ్లమేషన్.

మన దేశంలో దీనికి ఇంకో కోణం ఉంది. హెచ్ఐవీలో ఉపరకాలున్నాయి. అమెరికా, పశ్చిమ ఐరోపాల్లో ‘బి’ ఎక్కువ. మన దగ్గర అత్యధికం ‘సి’. వైరస్ తన నకళ్లు తీయించుకోవడానికి దాని జన్యువులో స్విచ్చు లాంటి భాగం ఒకటుంటుంది. మన కణాల్లోని ‘ఎన్ఎఫ్ కప్పా బి’ అనే ప్రొటీన్ వచ్చి అతుక్కుంటే ఆ స్విచ్చు పడుతుంది. అలా అతుక్కునే చోట్లు ‘బి’ రకంలో సాధారణంగా రెండు, ‘సి’లో మూడు. నాలుగు చోట్లున్న వైరస్‌లూ మన దేశంలో ఉన్నాయని బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ శాస్త్రవేత్తలు 2012లో వెల్లడించారు. పేగుల నుంచి జారిన బ్యాక్టీరియా తునకలు మేల్కొలిపేదీ ఈ ప్రొటీన్‌నే! అలాగని మనవాళ్లలో జబ్బు మరింత వేగంగా ముదురుతుందని కంగారు పడొద్దు. ల్యాబులో చూసిందంతా మనిషిలో అలాగే జరగాలని లేదు.

మాత్రలు ఏ ఉపరకాన్నైనా అదుపు చేస్తాయి. పేగు గోడను మాత్రం పూర్తిగా మునుపటిలా చేయలేవు. మిగిలిపోయిన ఇన్‌ఫ్లమేషన్ గుండెకు చేటు. మన దేశంతో సహా 12 దేశాల్లో జరిగిన ‘రిప్రీవ్’ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. పిటావాస్టాటిన్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. అందుకే మీ డాక్టర్‌ను బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ గురించి కూడా అడగండి. స్టాటిన్ సొంతంగా మొదలుపెట్టకండి. పేగులు శుభ్రం చేస్తామంటూ అమ్మే పొడులకు పెట్టే డబ్బుతో పెరుగు, పప్పు, ఆకుకూరలు కొనుక్కోవచ్చు.

మాత్రలు ఆపితే చాలామందిలో కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ రక్తంలో కనిపిస్తుంది. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఈ మందులు 2004 నుంచీ ఉచితం. ఊరు మారుతున్నారా? ముందే చెప్పండి, దగ్గర్లోని కేంద్రానికి బదిలీ చేస్తారు. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయొచ్చు.